మధ్యలో రకం మారే సమీకరణానికి సాధన ఉంటుందా?

ప్రశ్న: ఎం.ఎస్సీ. గణితం చదువుతున్నాను. రెండో పరిమాణపు పాక్షిక అవకలన సమీకరణాలను విచక్షణి (రెండో అవకలజాల గుణకాల నుంచి లెక్కించే రాశి) గుర్తును బట్టి దీర్ఘవృత్తీయం, పరావలయం, అతిపరావలయం అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి నేర్పారు. ఒకే సమీకరణం ఒకచోట ఒక రకంగా, మరోచోట మరో రకంగా ఉంటే, పైగా అది అరేఖీయం కూడా అయితే, దానికి సాధన ఉందని ఎలా తేలుస్తారు?

జవాబు: "పైగా" అంటూ మీరు చివర చేర్చిన ముక్కలోనే అసలు చిక్కు ఉంది. అయినా ముందు రేఖీయ సమీకరణం సంగతి చూడాలి. ఇటలీ గణితజ్ఞుడు ఫ్రాన్సెస్కో ట్రికోమి 1923లో ప్రచురించిన పరిశోధనలోని సమీకరణం చూడటానికి చాలా చిన్నది: తెలియని ప్రమేయానికి ఎక్స్ దిశలో ఉన్న రెండో అవకలజాన్ని వైతో గుణించి, వై దిశలోని రెండో అవకలజాన్ని దానికి కలిపితే సున్న. వై ధనాత్మకమైన పైసగంలో ఇది దీర్ఘవృత్తీయం, రుణాత్మకమైన కిందిసగంలో అతిపరావలయం.

పైసగంలో, దీర్ఘవృత్తీయ రకానికి నమూనా అయిన లాప్లాస్ సమీకరణానికి ఇచ్చినట్టే సరిహద్దు విలువలు చుట్టూ ఇవ్వాలి. అతిపరావలయ భాగంలో అలా ఇస్తే ఏమవుతుందో, ఆ రకానికి నమూనా అయిన తరంగ సమీకరణంతో కాగితం మీద చూసుకోవచ్చు. ఒక్కో భుజం 'పై' పొడవున్న చతురస్రంలో సైన్ ఎక్స్, సైన్ వైల లబ్ధం ఆ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. నాలుగు భుజాల మీదా సున్న అవుతుంది, లోపల మాత్రం కాదు. అంటే చుట్టూ సున్న ఇచ్చినా సాధన ఏకైకం కాలేదు. వేరే విలువలు ఇస్తే సాధనే లేకపోవచ్చు. అందుకే ట్రికోమి పైసగంలోని వంపు మీద విలువలు ఇచ్చి, కిందిసగంలో ఒకదాన్నొకటి కలుసుకునే రెండు లాక్షణిక వక్రాల్లో (అతిపరావలయ భాగంలో సమాచారం ప్రయాణించే దారుల్లో) ఒక్కదాని మీదే ఇచ్చాడు. రెండోదాన్ని ఖాళీగా వదిలేశాడు. అప్పుడు సాధన ఉంది, అది ఒక్కటే. కాబట్టి "సాధన ఉందా?" అన్న ప్రశ్నకు అర్థం రావాలంటే, ఏ సరిహద్దు మీద ఏ విలువలు ఇచ్చామో ముందు చెప్పి తీరాలి.

ఇక అరేఖీయం. సుడులు లేకుండా నిలకడగా సాగే వాయు ప్రవాహానికి సమీకరణం రాస్తే, దాని గుణకాలు ప్రవాహ వేగం మీదే ఆధారపడతాయి. విచక్షణి లెక్కిస్తే ప్రవాహ వేగం వర్గంలోంచి ధ్వని వేగం వర్గాన్ని తీసివేసి, మిగిలినదాన్ని ధ్వని వేగం వర్గంతో గుణించినంత వస్తుంది. ప్రవాహం ధ్వనికన్నా నెమ్మదిగా ఉన్నచోట సమీకరణం దీర్ఘవృత్తీయం, వేగంగా ఉన్నచోట అతిపరావలయం. 11 కిలోమీటర్ల ఎత్తులో ధ్వని వేగం సెకనుకు సుమారు 295 మీటర్లు. ప్రయాణికుల విమానం 250 మీటర్ల వేగంతో పోతున్నా, రెక్క పైవంపు మీద గాలి వేగం పుంజుకుని కొంతమేర ధ్వనిని దాటిపోతుంది. ఆ ప్రాంతం అంచు ఎక్కడో తెలియాలంటే వేగం తెలియాలి. వేగమేమో మనం వెతుకుతున్న సాధన. ట్రికోమికి రకం మారే గీత ముందే తెలుసు, ఇక్కడ దాన్ని కూడా సాధనతోపాటే కనుక్కోవాలి. వేగపు అంశాలనే స్వతంత్ర చరరాశులుగా తీసుకుంటే సమీకరణం రేఖీయమవుతుంది కానీ, అప్పుడు రెక్క ఆకారం తెలియని వక్రంగా మారుతుంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం, "లేదు" అని తేల్చినది. గణితజ్ఞురాలు కేథలీన్ మొరావెట్జ్ 1956 నుంచి 1958 వరకు వెలువడిన మూడు పత్రాల్లో, రెక్క చుట్టూ షాక్ తరంగం (గాలి వేగం, పీడనం ఒక్కసారిగా మారిపోయే పలుచని పొర) లేని నునుపైన ప్రవాహం ఒకటి దొరికినా, ధ్వనిని దాటిన ప్రాంతాన్ని తాకే చోట రెక్క ఆకారాన్ని కొద్దిగా మారిస్తే, దాని దగ్గరలో నునుపైన ప్రవాహం సాధారణంగా ఉండదని నిరూపించారు. కీలకం పైన చెప్పిన సైన్ల ఉదాహరణలో ఉన్నదానికి దగ్గరదే: మిగతా సరిహద్దు మీది విలువలే సాధనను పూర్తిగా నిర్ణయించేస్తే, ఆ చిన్న వంపు మీద కొత్తగా ఇచ్చే నియమానికి చోటుండదు. విమానాల రూపకర్తలు షాక్‌ను పూర్తిగా పోగొట్టే ఆశ వదులుకుని, దాన్ని బలహీనపరిచే రెక్కలవైపు మొగ్గడం వెనుక ఉన్న గణితం ఇదే.

అందువల్ల నునుపైన సాధన అనే పట్టు విడిచి, షాక్ దగ్గర వేగం ఒక్కసారిగా మారడానికి ఒప్పుకునే బలహీన సాధనను వెతకాలి. గణితజ్ఞులు గుయ్-చియాంగ్ చెన్, మిఖాయిల్ ఫెల్డ్‌మన్ 2010లో ప్రచురించిన సిద్ధాంతం, నిటారుకు దగ్గరగా ఉన్న వాలుకు షాక్ తగిలి వెనక్కి మళ్ళే సమస్యకు పొటెన్షియల్ ప్రవాహంలో, అంటే సుడులు లేని ప్రవాహంలో, సాధన ఉందని చూపింది. మళ్ళిన షాక్ ఆకారం తెలియదు కాబట్టి దాన్ని స్వేచ్ఛా సరిహద్దుగా, అంటే సాధనతోపాటే కనుక్కోవాల్సిన అంచుగా, తీసుకుంటారు. సమీకరణం ధ్వని వృత్తం దగ్గర, అంటే రకం మారే అంచు దగ్గర, క్షీణిస్తుంది (దీర్ఘవృత్తీయ స్వభావం కోల్పోతుంది) కాబట్టి అక్కడ దాన్ని కొద్దిగా సవరించి, సవరించిన సమీకరణానికి స్థిర బిందువు పద్ధతిలో (ఒక ఊహతో లెక్కిస్తే అదే ఊహ తిరిగి వచ్చేదాన్ని వెతికే పద్ధతిలో) సాధన సంపాదిస్తారు. ఆ సాధనకు ముందుగానే హద్దులు కట్టి, సవరణ నిజానికి ఎక్కడా అవసరపడలేదని చివర చూపిస్తారు. శ్రమంతా ఆ హద్దులు కట్టడంలోనే ఉంటుంది. రెక్క చుట్టూ షాక్‌తో సహా సాగే ప్రవాహానికి మాత్రం ఇంత సంపూర్ణమైన సిద్ధాంతం ఇంకా రాలేదు.