జెల్‌లో కలిపిన కణాలు చనిపోతుంటే థీసిస్‌కి వేరే పదార్థం వెతుక్కోవాలా?

మీరు మెకానికల్ చదివి బయోఇంజనీరింగ్ పీజీలో చేరారు. జెల్‌మా (కాంతి తగిలితే గట్టిపడేలా మార్చిన జెలటిన్) హైడ్రోజెల్‌లో కలిపిన కణాలు మూడో రోజుకల్లా చనిపోతున్నాయి, పదార్థం మార్చేయాలా అని అడుగుతున్నారు. ఇప్పుడే మార్చకండి. కణాలు ఎక్కడ, ఎప్పుడు చనిపోతున్నాయో తేలకుండా మారిస్తే ఇదే సమస్య కొత్త జెల్‌లోనూ ఎదురుకావచ్చు.

మూడో రోజు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. కొన్ని జెల్స్‌ని 24 గంటలకే తీసి, బ్లేడుతో అడ్డంగా కోసి, కాల్సీన్-ఏఎం, ఎథిడియం హోమోడైమర్ రంగులు వేసి, కోసిన ముఖాన్ని మైక్రోస్కోప్‌లో చూడండి. బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి. కోతకు ఆనుకున్న పలుచని పొర ఎర్రగా ఉంటే అది బ్లేడు వల్ల జరిగింది, లెక్కలోకి తీసుకోకండి. మొదటి రోజే అంతటా ఎరుపు ఉంటే తప్పు తయారీలో ఉంది. మొదటి రోజు బాగుండి, మూడో రోజుకి అంచులు పచ్చగా, మధ్యలో ఎర్రగా మారితే లోపలికి ఆక్సిజన్ చాలడం లేదు. అప్పుడు జెల్ మందం 1 మిల్లీమీటరుకు తగ్గించండి, మిల్లీలీటరుకు 10 లక్షల కణాలతో మొదలుపెట్టండి. మీరు మూడో రోజు అంటున్నారు కాబట్టి నా అనుమానం ముందు దీని మీదే.

తయారీలో తప్పుంటే జెల్‌ని గట్టిపరిచే కాంతిని, ఆ కాంతికి స్పందించి గట్టిపడటాన్ని మొదలుపెట్టే ఎల్ఏపీ అనే రసాయనాన్ని విడదీసి చూడాలి. ఒకే ఫ్లాస్కు కణాల్ని నాలుగు ప్లేట్లలో వేయండి: ఏమీ లేనిది, ఎల్ఏపీ మాత్రమే, కాంతి మాత్రమే, రెండూ కలిపి. ఏమీ లేని ప్లేటులోనే కణాలు నీరసంగా ఉంటే జెల్‌ని తప్పుపట్టే పనే లేదు, కణాల కల్చర్‌లో చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి పీసీఆర్ చేయించండి. దానికి కణకవచం ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. మామూలు మైక్రోస్కోప్‌లో కనబడదు, మీడియం కూడా మసకబారదు. ఇక రెండూ కలిపిన ప్లేటు ఫలితం కాస్త కఠినంగానే వస్తుంది, ఎందుకంటే కాంతి తగిలి ఎల్ఏపీ నుంచి పుట్టిన రాడికల్స్‌ని (చురుగ్గా చర్య జరిపే అణువుల్ని) వాడుకోవడానికి అక్కడ జెల్ లేదు.

ఎల్ఏపీ 0.1 శాతం, కాంతి 405 నానోమీటర్లు మంచి మొదలు. "30 సెకన్లు పెట్టాను" అని నోట్‌బుక్‌లో రాస్తే చాలదు. పవర్ మీటరుని జెల్ ఉండే ఎత్తులోనే పెట్టి కొలవండి. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లు, 60 సెకన్లు అంటే 600 మిల్లీజూళ్లు. దీపం కొద్దిగా పైకీ కిందికీ జరిగినా ఈ లెక్క మారిపోతుంది. ఇలాంటి కొలతల్లో మెకానికల్ వాళ్లకి చెయ్యి తిరిగి ఉంటుంది, ఆ బలాన్ని వదులుకోకండి.

జెల్‌మా సొంతంగా చేసుకుంటుంటే డయాలిసిస్ (పొర గుండా మలినాల్ని నీళ్లలోకి వదిలించడం) తొందరగా ముగించకండి. 40 డిగ్రీల దగ్గర, రోజూ నీళ్లు మారుస్తూ, 5 నుంచి 7 రోజులు పడుతుంది. మిగిలిపోయిన మెథాక్రిలిక్ ఆమ్లం కణాల్ని చంపుతుంది. వడకట్టేటప్పుడు ద్రావణం, సిరంజి రెండూ గోరువెచ్చగా ఉండాలి, చల్లబడితే 0.22 మైక్రాన్ల ఫిల్టరులోనే గడ్డకడుతుంది.

బతికిన కణాల్ని కొలవడానికి జెల్స్‌లో ఎంటీటీ పరీక్ష వద్దు. అందులో ఏర్పడే ఫార్మజాన్ స్ఫటికాలు లోపలే చిక్కుకుపోయి పూర్తిగా కరగవు. దానికి బదులు రెసాజురిన్ రంగు వాడండి, కణాలు లేని జెల్ ఒకటి పక్కన పెట్టి దాని విలువ తీసేయండి.

ఒకే ఫ్లాస్కు నుంచి చేసిన మూడు జెల్స్‌ని మూడు ప్రయోగాలుగా లెక్కించకండి, అది ఒక్కటే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజీలతో (కణాల్ని కొత్త ఫ్లాస్కులోకి మార్చిన విడతలతో) మూడుసార్లు చేయాలి. వైవాలో ముందుగా అడిగేది దీని గురించే.

ఇదంతా అయ్యాక కూడా కాంతే చంపుతోందని తేలితే, కాల్షియంతో గట్టిపడే ఆల్జినేట్‌కి మారడంలో అర్థం ఉంది. అయితే కణాలు పట్టుకోవడానికి పనికొచ్చే ఆర్‌జీడీ పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) తగిలించకపోతే కణాలు దానికి అతుక్కోవు, గుండ్రంగానే ఉండిపోతాయి. మీవి అతుక్కుని పెరిగే కణాలైతే ఆ పెప్టైడ్‌కి అయ్యే ఖర్చు, సమయం గైడుతో ముందే మాట్లాడుకోండి.