సగం కుట్టిన బొంతతో కోటు కుట్టుకోవాలంటే ముందు బొంత పూర్తి చేయాలా?

గుంటూరు నుంచి అడిగారు కదా, నాయనమ్మగారు సగం కుట్టి వదిలేసిన బొంత ఉంది, చలికి వేసుకునే కోటు కుట్టించుకుందామంటే ఏ టైలరూ ఒప్పుకోవట్లేదు, ముందు బొంత పూర్తి చేసి తర్వాత కత్తిరించాలా అని. అస్సలు పూర్తి చేయకండి. సగంలో ఆగడమే మీకు కలిసొచ్చింది, ఎందుకో చెప్తా.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడతాను. మా అత్తగారి బొంత ఒకటి అటక మీద మూటలో ఉండిపోయింది, కళ్ళలో శుక్లాలు వచ్చాక ఆవిడ కుట్టడం ఆపేశారు. పైన మంగళగిరి చీరలు, అడుగున మామయ్యగారి పంచె, మధ్యలో ఏవేవో పాత నేత చీరలు. దీంతో కోటు కుడతానత్తయ్యా అంటే "బొంత కప్పుకుంటారు గానీ తొడుక్కుంటారటే అమ్మాయ్, జనం నవ్వుతారు" అన్నారు, అని మళ్ళీ ఆవిడే పక్కన కూర్చుని ఏ ముక్క ఏ చీరదో వరసపెట్టి చెప్పుకొచ్చారు.

అసలు టైలర్లు ఎందుకు వద్దంటారంటే, మన బొంతలో నాలుగైదు పొరలు ఉంటాయి, భుజం దగ్గరో చంక దగ్గరో రెండు ముక్కలు కలిపితే ఎనిమిది పది పొరలు అవుతాయి, బ్లౌజులు కుట్టే మెషిన్‌లో సూది టక్కున విరుగుతుంది. ఆన్‌లైన్‌లో జైపూర్ క్విల్టెడ్ జాకెట్లు అని చూస్తుంటాం కదా, వాటిలో పల్చగా దూది పరిచి కుడతారు కాబట్టి తేలిగ్గా ఉంటాయి, మనవి చీరల మడతలు, బరువు. కానీ మీ బొంతలో కుట్టని సగం ఉంది చూశారూ, అక్కడ కచ్చా కుట్లే ఉంటాయి, అవి విప్పేసి మధ్య పొరలు లాగేయొచ్చు. కుట్టిన భాగం వీపుకి, ముందు పలకలకి పెట్టుకోండి, కుట్టని దాంట్లో పైదీ అడుగుదీ రెండు పొరలే ఉంచి చేతులకి, కాలర్‌కి, జేబులకి వాడండి. తీసేసిన పొరలు పారేయకండి, పైపింగ్‌కి పనికొస్తాయి.

కత్తెర పట్టే ముందు బట్ట ఎండ వెలుగుకి పెట్టి చూడండి, పాత చీరల్లో అడుగు అంచు దగ్గర, కుచ్చిళ్ళు మడత పడే చోట చీకిపోయి ఉంటుంది, బొటనవేళ్ళతో అటూ ఇటూ లాగితే తెలిసిపోతుంది. అలాంటి ముక్క చంక దగ్గర, మోచేతి దగ్గర రాకుండా చూసుకోండి, తప్పదంటే కింద పల్చటి మల్ బట్ట పెట్టి చేత్తో కుట్టండి. తడి తెల్ల గుడ్డతో రుద్ది రంగు అంటుతుందా చూసి, ఒకసారి చన్నీళ్ళలో తడిపి నీడలో ఆరేయండి, ముడుచుకునేది ఏదైనా ఉంటే ముందే ముడుచుకుంటుంది. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందంటారు, నమ్ముకోకండి.

ఇప్పుడు అసలు పని. చేత్తో వేసిన బొంత కుట్టు ఒక్కో వరస ఒకటే దారం, కత్తెర పడిందంటే ఆ చివర పట్టుకునేది ఏమీ ఉండదు, రెండు సార్లు తొడుక్కుని విప్పేసరికి వరస వరసే ఊడొచ్చేస్తుంది. అందుకని లూజు షర్ట్ ఒకటి న్యూస్‌పేపర్ మీద పరిచి, ఛాతీ చుట్టుకొలత మీద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లూజు, దానికి కుట్టు మార్జిన్ కూడా కలిపి పేపర్ కటింగ్ చేసుకుని (డార్టులు గీర్టులు వద్దు, భుజం కొంచెం జారినట్టే ఉండనివ్వండి), దాన్ని బొంత మీద పెట్టి చాక్‌పీస్‌తో గీసుకుని, గీతకి పావు అంగుళం లోపలగా మెషిన్ కుట్టు చుట్టూ తిప్పేసి, ఆ తర్వాతే గీత మీద కత్తిరించండి. ఈ ఒక్కటి చేస్తే సగం కోటు అయిపోయినట్టే. మా అత్తగారి బొంతలో చివరి వరస దారం ముడి లేకుండా వేలాడుతూ ఉండేది, ఆ చోటు వీపు మీదకి వచ్చేలా కటింగ్ పెట్టి, దారం కొస లోపలికి లాగి ముడేశాను. ఆవిడ కుట్లు వంకర పోయిన చోట నేనేం సరిచేయలేదు, అవి సరిచేస్తే ఇంక షాపులో కొనుక్కున్నట్టే.

మెషిన్‌కి 16 నంబర్ సూది, మరీ మందంగా ఉన్న చోట 18 వేయండి. కుట్టు పొడుగ్గా పెట్టండి, 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. ఫుట్ మీద ఒత్తిడి తగ్గించండి, జాయింట్లు దాటేటప్పుడు మోటార్ వద్దు, చక్రం చేత్తో తిప్పండి. కలిపాక మార్జిన్‌లో మధ్య పొరలు మాత్రం కత్తిరించేసి, రెండంగుళాల క్రాస్ పట్టీతో (బట్టని ఏటవాలుగా కత్తిరించిన పట్టీ) అంచు కప్పేయండి. ఓవర్‌లాక్ చేస్తే ఆ మందానికి అంచు బిర్రుగా నిలబడి మెడ దగ్గర గుచ్చుకుంటుంది. కాజాలు ఇంత మందం మీద నీట్‌గా రావు, నాడాలో, గుడ్డ ఉచ్చులో పెట్టుకోండి.

కుట్టే ఓపిక లేకపోతే కటింగ్, చుట్టూ కుట్టు అయ్యాక తీసుకెళ్ళండి, అప్పుడు ఒప్పుకునే టైలర్లు ఉంటారు, లేదా బ్యాగులు, సీటు కవర్లు కుట్టేవాళ్ళని అడగండి, వాళ్ళ మెషిన్లు ఈ మందానికి భయపడవు. మల్ బట్ట, పైపింగ్ కావాలంటే మా విజయవాడ వన్‌టౌన్ వైపు వస్తే వస్త్రలత బట్టల మార్కెట్‌లో చూసుకోవచ్చు.

ఒక్క మాట, మన ఎండలకి ఇది నిండు చేతుల కోటుగా కుడితే ధనుర్మాసంలో పొద్దున్నపూట, ఏసీ రైలెక్కినప్పుడు తప్ప బీరువాలోంచి బయటికి రాదు. నేనైతే చేతుల్లేకుండా కుట్టుకున్నాను, లోపల నిండు చేతుల కుర్తా వేసుకుంటే చాలు. లంబసింగి వెళ్ళే ప్లాన్ ఏదైనా ఉంటే మాత్రం చేతులు పెట్టించుకోండి.