సొంత మాటల్లో మార్చి రాస్తే సోర్స్ ఇవ్వక్కర్లేదా?

ఇవ్వాలి, ప్రాజెక్ట్ రిపోర్టులోనైనా థీసిస్‌లోనైనా మాటలు మార్చినంత మాత్రాన విషయం మీది అయిపోదు. దాన్ని ముందు తేల్చింది ఎవరో చదివేవాళ్లకు తెలియాలి, అనుమానం వస్తే వాళ్లు వెళ్లి సరిచూసుకోగలగాలి. సోర్స్ అడిగేది అందుకే.

1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చి హైదరాబాద్‌ను ముంచేసిందని రాస్తే ఎవరినీ పేర్కొనక్కర్లేదు, అది అందరికీ తెలిసిన చరిత్రే. కానీ ఆ వరద తర్వాత నగరం ఏ వైపు ఎందుకు పెరిగిందో ఒక పరిశోధకుడు పాత రికార్డులు తిరగేసి చెప్పాడనుకోండి. ఆ వాదనను వాడుకుంటే, అతని పదం ఒక్కటీ మిగలకుండా తిరగరాసినా సోర్స్ చూపాలి, వీలైతే పేజీ నంబరుతో సహా. ఇక వాక్యాల వరస అలాగే ఉంచి, అక్కడక్కడా పర్యాయపదాలు పెట్టి సొంత మాటలంటే అది సోర్స్ ఇచ్చినా చెల్లదు.

చాలామంది పొరబడేది పర్సంటేజీ దగ్గర. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం మీ రాత ఇతరుల రాతలతో 10 శాతం వరకు కలిసినా శిక్ష లేదు, దాంతో అంతవరకు కాపీ కొట్టొచ్చని అనుకుంటారు. కానీ ఈ పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా పట్టుకునేది కలిసిన పదాలనే. 4 శాతం చూపించిన రిపోర్టులో కూడా వేరొకరి వాదన మొత్తం పేరు లేకుండా ఉండొచ్చు. సోర్స్ చెప్పి యథాతథంగా ఉటంకించిన భాగాన్ని, రిఫరెన్సుల జాబితాను మాత్రం ఆ లెక్కలోంచి తీసేస్తారు, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.