దేశాలు కలిసి మీడియా నియమాలు పెట్టుకుంటే ప్రజాస్వామ్యానికి ఏమైనా ఒరుగుతుందా?

తప్పకుండా ఒరుగుతుంది. కాకపోతే మన భాష కూడా ఆ లెక్కలోకి రావాలి.

2012 ఆగస్టులో బెంగళూరు మడివాలలో తెలుగువాళ్ల పీజీలో ఉండేవాణ్ణి. రూమ్మేట్‌ది అస్సాం. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బట్టలన్నీ బ్యాగులో కుక్కుతున్నాడు. ఏమైందిరా అంటే ఫోన్ చేతిలో పెట్టాడు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ల మీద దాడులు జరుగుతాయి, వెంటనే వెళ్లిపొమ్మని ఎస్సెమ్మెస్. ఒకటే సందేశం, ముగ్గురు పంపారు. మొదట రాసిందెవరో ఎవరికీ తెలీదు. "పుకారురా" అన్నాను. "నీకు పుకారే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పీజీ ఆంటీ పులిహోర పొట్లం కట్టిచ్చింది. స్టేషన్‌లో గువాహటి స్పెషల్ రైలు కోసం అంతా వాడి వయసు పిల్లలే. బ్యాగు కిటికీలోంచి నేనే లోపలికి తోశాను. వాడు మళ్లీ రాలేదు.

రోజుకు 5 ఎస్సెమ్మెస్‌లే అని ప్రభుత్వం పరిమితి పెట్టేసరికి చాలామంది రైలెక్కేశారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లకు మనుషుల ప్రాణాలు పోయాయి, ఈ బెంగళూరులో కూడా. అప్పుడు వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను 5 చాట్‌లకు కుదించింది. 2019 జనవరిలో ప్రపంచమంతటా అదే అమలు చేసింది. దేశాలు ముందే కూర్చుని మాట్లాడుకుంటే ఇన్ని ప్రాణాలు పోయేదాకా ఆగక్కర్లేదు కదా.

సోషల్ మీడియా లాంటి ఆన్‌లైన్ వేదికల కోసం 27 దేశాల యూరోపియన్ యూనియన్ తెచ్చిన డిజిటల్ సర్వీసెస్ చట్టం 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది. తప్పితే కంపెనీ ఏడాది ఆదాయంలో 6 శాతం దాకా వేసే జరిమానా గురించే అందరూ మాట్లాడతారు. నాకు నచ్చింది వేరే. పోస్టులను పరిశీలించడానికి ఏ భాషకు ఎంతమందిని పెట్టారో పెద్ద కంపెనీలు అక్కడ లెక్క చెప్పాలి. ఆ యూనియన్‌లోని మాల్టా జనాభా 6 లక్షల లోపే, అయినా వాళ్ల భాష మాల్టీస్‌కు లెక్క చెప్పాల్సిందే. తెలుగు మాట్లాడేవాళ్లం 2011 జనగణనకే 8 కోట్లు దాటాం. తెలుగుకు ఎంతమందిని పెట్టారని అడిగే చట్టం ఏదీ?

2024 మే 13న ఆంధ్రలో పోలింగ్. రెండు రోజుల ముందు వాయిదా పడిందని తెలుగులో ఒక నకిలీ పోస్టు తిరిగింది. రిపోర్ట్ కొట్టాను. నిమిషంలో ఇంగ్లీషులో జవాబొచ్చింది, మా నిబంధనలకు విరుద్ధంగా లేదని. మా అపార్ట్‌మెంట్‌లో ఇస్త్రీ చేసే చిత్తూరు పెద్దాయన అది నమ్మి బస్సు టికెట్ రద్దు చేసుకున్నాడు. సోమవారం మధ్యాహ్నం మూడింటికి టీవీలో క్యూలు చూసి పరిగెత్తుకొచ్చాడు, "ఇప్పుడు బయల్దేరితే అందుతుందా సార్" అంటూ.