ఐదు రోజుల పనివారం ఎలా వచ్చింది?

"వారానికి ఏడు రోజులే ఎందుకు? అందులో ఐదే పనిదినాలని ఎవరు పెట్టారు?" అని ఒకరు అడిగారు. ఈ రెండింటి మధ్య వేల ఏళ్ల ఎడం ఉంది.

రోజుకి సూర్యుడున్నాడు, నెలకి చంద్రుడున్నాడు. వారానికి ఆకాశంలో అలాంటి ఆధారమేమీ లేదు, అది మనుషులు పెట్టుకున్న లెక్క. ఆరు రోజులు పని, ఏడో రోజు విశ్రాంతి అనేది యూదుల సబ్బాతు నియమం. అది యజమానికే కాదు, పనివాళ్లకీ పశువులకీ కూడా వర్తించేది. క్రీ.శ. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని సెలవుగా ప్రకటించాడు, పొలం పనులకి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. అదును ఆదివారం అని ఆగదు కదా!

శనివారం సెలవు చాలా కొత్తది. బ్రిటన్‌లో 1850 చట్టంతో బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకీ చిన్నవయసు వాళ్లకీ శనివారం మధ్యాహ్నం రెండింటికే పని ఆపాల్సి వచ్చింది. 1926లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీల్లో వారానికి ఐదు రోజులు, 40 గంటలు అన్నాడు. దయతో అనుకునేరు, తీరిక ఉంటేనే జనం కార్లు కొంటారన్న లెక్క ఆయనది. అమెరికాలో 1938 పనిగంటల చట్టం వారానికి 44 గంటలతో మొదలై 1940కి 40కి వచ్చింది.

నాకు బాగా తగిలింది మాత్రం సోవియట్ ప్రయోగం. 1929లో ఆదివారాన్నే ఎత్తేసి కార్మికుల్ని ఐదు జట్లు చేశారు, ఒక్కో జట్టుకి ఒక్కో రంగు. నాలుగు రోజులు పని, ఐదో రోజు సెలవు. ఆ సెలవు జట్టుకో రోజు, యంత్రాలు మాత్రం ఆగవు. లెక్కప్రకారం సెలవులు పెరిగాయి. కానీ భర్తది పసుపు, భార్యది ఆకుపచ్చ అయితే ఇద్దరికీ కలిసి ఒక్క రోజూ దొరకదు. యంత్రాలూ అరిగిపోయాయి. 1931లోనే ఈ జట్ల పద్ధతి నుంచి వెనక్కి తగ్గారు, ఏడు రోజుల వారం మాత్రం మళ్లీ 1940లో వచ్చింది.

ఇరవై నాలుగు గంటలూ నడిచే ఆఫీసులో చేశాను కాబట్టి ఇది చదవగానే మా రోస్టర్ గుర్తొచ్చింది. నా వీక్ ఆఫ్ మంగళవారం, మా ఆవిడది ఆదివారం. మంగళవారం పన్నెండింటికి లేచి, ఆవిడ మూతపెట్టి వెళ్లిన అన్నం ఒక్కణ్ణే తిని, బట్టలు ఉతికి పడుకునేవాణ్ణి. స్నేహితుల పెళ్లిళ్లకి వెళ్లాలంటే షిఫ్ట్ మార్చుకునే మనిషి కోసం నెల ముందు నుంచే బతిమాలుకోవాలి. సెలవుల సంఖ్యలో మాకేం లోటు లేదు, హెచ్.ఆర్. వాళ్లు అదే చూపించేవాళ్లు.

ఇప్పుడు నాలుగు రోజుల పనివారం గురించి ఎవరైనా ఉత్సాహంగా చెబితే నేనడిగేది ఒకటే. ఆ మూడో సెలవు అందరికీ ఒకే రోజా, లేక రోస్టర్ ప్రకారమా?