దారి తప్పారా? ముందు కూర్చోండి

ప్రశ్న: స్నేహితులతో శేషాచలం అడవుల్లో ట్రెకింగ్‌కి వెళ్లాను. ఫొటోలు తీస్తూ వెనకబడ్డాను. పావుగంట సేపు ఎవరూ కనిపించలేదు. టెన్షన్‌తో పరుగెత్తి, పడి మోకాలు చీరుకుంది. అలాంటప్పుడు ధైర్యంగా ఉండటం ఎలా? (ఓ పాఠకుడు, తిరుపతి)

జవాబు: ముందు కాళ్లు ఆపండి. ఒక చెట్టు మొదట్లో కూర్చుని రెండు గుక్కలు నీళ్లు తాగండి. దడ తగ్గాకే బుద్ధి పనిచేస్తుంది.

అటవీశాఖలో చేరిన కొత్తలో నల్లమలలో నాకూ ఇదే జరిగింది. మబ్బు పట్టిన రోజు. వెదురు గుబురుల్లో దారి తప్పి, తిన్నగానే పోతున్నాననుకుంటూ రెండు గంటలు నడిచాను. చివరికి కాలికి ఓ మోదుగాకు తగిలింది. అంచుకి పచ్చడి, దాని నిండా చీమలు. పొద్దున నేను ఇడ్లీ తిని పారేసిన ఆకే! అక్కడే కూలబడ్డాను. ఆ రోజు నాకు పట్టుకున్న భయం ఇప్పటికీ గుర్తే. సాయంత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చిన చెంచు తాత, "తప్పిన కాడే కూసుంటే అప్పుడే దొరుకుదువు కద సారూ" అన్నాడు. జర్మనీ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది: సూర్యుడు కనిపించకపోతే మనుషులు తెలియకుండానే గుండ్రంగా తిరుగుతారు.

ఆ తాత దగ్గర నేర్చుకున్న అలవాటు ఇంకోటి ఉంది. నడుస్తూ ఆయన మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేవాడు. వెళ్లేటప్పుడు చూసిన దారి వచ్చేటప్పుడు వేరేలా ఉంటుంది. మలుపులో ఓ వంకర చెట్టునో, పుట్టనో రెండు వైపుల నుంచీ గుర్తుపెట్టుకోండి.

కూర్చున్నాక విజిల్ మూడుసార్లు ఊది, కాసేపు ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదండి. అరిస్తే గొంతు త్వరగా పోతుంది. ఫోన్‌లో సిగ్నల్ కొద్దిగా ఉన్నా 112కి చేయండి, కాల్ కలవకపోతే మీవాళ్లకు మెసేజ్ పెట్టండి. చీకటి పడితే నీటి గుంటల దగ్గర ఉండొద్దు, ఎలుగుబంట్లు అక్కడికే వస్తాయి. వేసవిలో మంట పెట్టడం మాత్రం వద్దేవద్దు. ఎండుటాకులకు నిప్పంటుకుంటే మీరూ మిగలరు, అడవీ మిగలదు.

ఈసారి అనుమతి తీసుకునే వెళ్లండి, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. విజిల్ బ్యాగులో కాదు, మెడలో ఉండాలి. పడినప్పుడు బ్యాగు ఒకచోట, మనం ఒకచోట ఉంటాం.