కేఫులో ట్రాకు మోగితే చదువు మానేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడు. గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్ చేస్తాడు. ఏ ఆడియో కంపెనీతోనూ ఒప్పందం లేదు. కేఫులకు, బట్టల షాపులకు ఇస్తే నెలనెలా డబ్బొస్తుందట, కాలేజీ మానేస్తానంటున్నాడు. పరీక్షలయ్యేదాకా ల్యాప్‌టాప్ దాచేశాను. రాయల్టీ సంఘంలో చేరడం మేలా, షాపులకు నేరుగా ఇవ్వడం మేలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అడిగింది రాయల్టీ గురించే అయినా మీ బెంగంతా డిగ్రీ మీద ఉంది. ఈ పనికి కాలేజీ మానేయాల్సిన అవసరమే లేదు. సెలవు రోజుల్లో చేసుకోవచ్చు.

'నిద్రపోతున్నా డబ్బు' అని చెప్పే వీడియోల మీద మాత్రం నాకు గురి లేదు. మూడు నిమిషాల ట్రాకులు గంటకు 20 కావాలి. పన్నెండు గంటలు తెరిచి ఉండే షాపుకు 240. పది ట్రాకులే తిప్పితే కస్టమర్ కంటే ముందు కౌంటర్లో కుర్రాడు విసిగిపోతాడు. అందుకే ఒక్కడి వల్ల కాదు, నలుగురైదుగురు కలిసి ఇవ్వాలి.

ఇక మీరడిగిన పోలిక. బాణీ, సాహిత్యాల హక్కు ఒకటి, రికార్డింగ్ హక్కు మరొకటి. మొదటిదాన్ని చూసేది 1969లో మొదలైన ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), పాటలు వినిపించేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసి సభ్యులకు పంచే సంఘం. అందులో చేరితే బహిరంగంగా వినిపించే హక్కు సంఘానికి రాసిచ్చినట్టే, ఆ తర్వాత 'మా ట్రాకులు వేసుకోండి' అని షాపుకు సొంతంగా కాగితం ఇవ్వలేడు. చిన్న కేఫులో ఏ ట్రాకు మోగిందో రాసిపెట్టే నాథుడుండడు. లెక్కలోకి రానిదానికి వాటా ఏం వస్తుంది? వాడి లక్ష్యం కేఫులే అయితే ముందు నేరుగా ఇచ్చి చూడమనండి. సంఘంలో తర్వాతైనా చేరొచ్చు.

షాపుకిచ్చే కాగితంలో బ్రాంచి అడ్రసు, ట్రాకుల జాబితా, గడువు, రుసుము ఉండాలి. లైసెన్సు అడగడానికి ఎవరైనా వస్తే ఓనరు చూపించేది దాన్నే. సిబ్బంది ఫోన్లోంచి సినిమా పాట వేస్తే ఆ కాగితం కాపాడదని ముందే చెప్పాలి. సినిమా బాణీ వాయించి ఇస్తే అసలుకే చెల్లదు. ఫ్లూటు వాయించిన స్నేహితుడి సంతకం, వాటా ఆ రోజే రాయించుకోవాలి. పైసలొచ్చాక అడిగితే స్నేహం చెడుతుంది. లూపులు, అంటే ట్రాకులో వాడుకునే రెడీమేడ్ సంగీత ముక్కలు, ఎక్కడివో, వాటి లైసెన్సు షాపుల్లో వాడకానికి ఒప్పుకుంటుందో చూసుకోవాలి.

సీలింగ్ స్పీకర్లు చాలాచోట్ల మోనోలోనే మోగుతాయి, అంటే కుడి ఎడమల సౌండు కలిసి ఒక్కటైపోతుంది. హెడ్‌ఫోన్లో విశాలంగా వినిపించిన కీబోర్డు అక్కడ సగం మాయమవుతుంది, లోతైన బేస్ అసలే వినిపించదు. మోనోలో విని సరిచేశాకే వేవ్ ఫైలు (కుదించని ఆడియో ఫైలు) ఇవ్వాలి. ట్రాకులన్నీ ఒకే స్థాయి సౌండుతో ఉండాలి, లేకపోతే పాట మారినప్పుడల్లా ఎవరో ఒకరు వాల్యూమ్ తగ్గిస్తారు, చివరికి కట్టేస్తారు.

ఇంత పెద్ద ఉత్తరం రాశారు, వాడి ట్రాకు ఒక్కటైనా చివరిదాకా విన్నట్టు అందులో ఎక్కడా లేదు. దాచిపెట్టిన ల్యాప్‌టాప్ ఈ సాయంత్రమే ఇచ్చేయండి. ట్రాకులు తయారుచేసిన అసలు ప్రాజెక్టు ఫైళ్లు అందులోనే ఉంటాయి, రేపు ఎవరైనా 'ఇది నాది' అని వస్తే వాడి చేతిలో ఉండే సాక్ష్యం అదే.